సెర్చ్ టూల్ ఖాళీగా తిరిగొస్తే "లేదు" అనాలా, "దొరకలేదు" అనాలా?

గ్రూపులో వ్యాకరణం తెలిసినవాళ్లూ ఉన్నారు, లెక్కలు రాసేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న ఇక్కడ పెడుతున్నాను.

ఓడూలో వెతికిపెట్టే ఏఐ ఏజెంటు (మనం అడిగినదానికి టూళ్లు వాడి తనే జవాబు తెచ్చే ప్రోగ్రాము) కోసం ఒక సెర్చ్ టూల్ తయారవుతోంది, దాని వివరణ రాసే పని నాది. ఓడూ అంటే అమ్మకాలు, కొనుగోళ్లు, స్టాకు, అకౌంట్లు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరు. బెల్జియంలో పుట్టింది, 2014కు ముందు ఓపెన్ ఈఆర్‌పీ అనేవారు. ఏజెంట్లకు టూళ్లు తగిలించడానికి ఆంత్రోపిక్ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి తెచ్చింది. అందులో ప్రతి టూలుకూ పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే నమూనా ఉంటాయి. లోపలి కోడు ఏజెంటుకు కనబడదు. ఆ వివరణ చదువుకునే ఎప్పుడు వెతకాలో, వచ్చిన ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తేల్చుకుంటుంది.

చిక్కంతా ఫలితం ఖాళీగా వచ్చినప్పుడే. "ఫలానా ట్రేడర్స్ మార్చి బిల్లు ఉందా?" అని అడిగితే, ఏమీ రాకపోతే, ఏజెంటు "లేదండి" అంటుంది. బిల్లు మాత్రం ఉండి ఉండవచ్చు. ఓడూలో ఆర్కైవ్ చేసిన (తుడిచేయకుండా పక్కన పెట్టిన) రికార్డులు మామూలు సెర్చ్‌లో రావు. అడిగిన మనిషికి చూసే హక్కు లేని రికార్డులను రూల్స్ చప్పుడు చేయకుండా వడగట్టేస్తాయి, ఎర్రర్ కూడా రాదు. డ్రాఫ్టులో ఉన్న (ఇంకా ఖాయం చేయని) బిల్లుకు చాలాసార్లు నంబరే పడదు కాబట్టి నంబరుతో వెతికితే తగలదు. ఇన్ని కారణాలున్నప్పుడు "లేదు" అనే హక్కు ఆ టూలుకు ఉందా?

(వివరణలో ఏజెంటును "చెప్పు" అనాలా "చెప్పండి" అనాలా అన్నది ఇంకో గొడవ. నేను "చెప్పాలి" అని రాసి తప్పించుకున్నాను.)

కామర్స్ లెక్చరర్ ఒకరు:
"లేదు"కు రెండు పనులున్నాయండి. ఒంటరిగా వస్తే "ఉంది"కి వ్యతిరేకం. క్రియ వెనక చేరితే ఆ పని జరగలేదని చెబుతుంది: రాలేదు, తినలేదు, దొరకలేదు. మొదటిది వస్తువు సంగతి, రెండోది పని సంగతి. మీ టూలు చేసింది వెతకడం ఒక్కటే కాబట్టి దాని నోట రెండోదే రావాలి. "దొరకదు" అని మాత్రం పొరపాటున కూడా రాయకండి, అది ఇకముందు కూడా ఆశ లేదన్నట్టు ఉంటుంది.

అసలు తంటా ప్రశ్నలోనే ఉంది. తెలుగులో అడిగిన క్రియనే తిప్పి జవాబు చెబుతాం. "వచ్చాడా?" అంటే "రాలేదు", "ఉందా?" అంటే "లేదు". అంటే ఏజెంటుకు తెలుగు ఎంత బాగా వస్తే అంత తేలిగ్గా "లేదు"లో పడుతుంది. వివరణలో "అడిగినవారు ఉందా అన్నా సరే" అని ప్రత్యేకంగా చేర్చండి.

రైసుమిల్లు అకౌంట్లు చూసే సభ్యుడు:
మాకు ఇది వ్యాకరణం కాదు సార్, డబ్బు. "లేదు" అంటే గుమస్తా ఆ కొనుగోలు బిల్లు మళ్లీ ఎక్కించేస్తాడు. పద్దు రెండుసార్లు పడుతుంది, జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, రిటర్ను వేసే రోజు టెన్షన్. "దొరకలేదు" అంటే కనీసం ఫైలు తిరగేస్తాడు.

ఇంకోటి. మా ఐటెం పేర్లు తెలుగులో ఉంటాయి. "గోనెసంచి" అని కొడితే "గోనెసంచులు" వస్తుందా?

మొదటి పోస్టు రాసినవారు:
రాదండీ. మేం వాడేది ఐలైక్ అనే పోలిక. ఇచ్చిన అక్షరాల వరుస పేరులో ఎక్కడైనా ఉందా అని చూస్తుంది, అంతే. "బస్తా" కొడితే "బస్తాలు" వస్తుంది, ఎందుకంటే లోపల "బస్తా" అలాగే ఉంది. "సంచి" బహువచనంలో "సంచు" అయిపోతుంది, ఇక తగలదు. "ఇనుము" అంటే "ఇనుప కడ్డీ" రాదు. సన్‌ఫ్లవర్ నూనెది ఇంకో కథ: ఒకరు "సన్" తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు పెడతారు, ఒకరు ఖాళీ వదులుతారు, ఇంకొకరు కలిపి "సన్ఫ్లవర్" కొడతారు. మనకు మూడూ ఒకటే, పోలికకు మూడూ వేర్వేరు. అందుకే "మొదటిసారి ఏమీ రాకపోతే పదం చివర కత్తిరించి చిన్న ముక్కతో మళ్లీ వెతకాలి, ఇంగ్లీషు స్పెల్లింగుతో కూడా చూడాలి" అని వివరణలో పెడుతున్నాను.

ఇంకో సభ్యురాలు:
హక్కుల వల్ల రానివాటికి "కనబడలేదు" ఇంకా నప్పుతుంది కదా? ఉంది, కానీ నా కంటికి ఆనలేదు అన్న అర్థం అందులో ఉంది.

మొదటి పోస్టు రాసినవారు:
అర్థం సరిపోతుంది మేడం, కానీ "కనబడలేదు" అనగానే పేపర్లో ఫోటోతో వచ్చే "కనబడుట లేదు" ప్రకటన గుర్తొస్తోంది. పైగా ఖాళీ ఎందుకు వచ్చిందో టూలుకే తెలియదు. హక్కులు లేకనా, ఆర్కైవ్ చేశారా, స్పెల్లింగు తేడానా అన్నది దానికి ఒక్కలాగే కనిపిస్తుంది. అందుకే అన్నిటికీ "దొరకలేదు" ఉంచుతున్నాను.

కామర్స్ లెక్చరర్:
ఖాళీ సంగతి సరే, నిండుగా వచ్చినప్పుడో? టూలు ఒకసారికి ఇన్నే ఇస్తానని హద్దు పెట్టుకుంటుంది కదా. 20 చూపించి "బాకీ ఉన్న బిల్లులు ఇవే" అంటే ఆ ఏకారం అబద్ధం. "ఇవి" అంటే నిజం. చివర ఒక్క "ఏ" చేరితే మిగతావన్నీ చెరిగిపోయాయి.

మొదటి పోస్టు రాసినవారు:
ఇది నాకు తట్టలేదు, చేరుస్తున్నాను. ప్రస్తుతానికి వివరణ ఇలా ఉంది:

"ఫలితం ఖాళీగా వస్తే, అడిగినవారు 'ఉందా' అన్నా సరే, 'లేదు' అనకూడదు. ఏ పేరుతో, ఏ తేదీల మధ్య వెతికిందో చెప్పి 'దొరకలేదు' అనాలి. ఆర్కైవ్‌లోనూ డ్రాఫ్టుల్లోనూ వెతకమంటారా అని అడగాలి. ఎర్రర్ వస్తే అది ఖాళీ ఫలితం కాదు, 'వెతకలేకపోయాను' అనాలి. వచ్చినవి హద్దుకు సరిగ్గా సమానమైతే మొత్తం ఎన్నో విడిగా లెక్క తీసుకోవాలి, అప్పటిదాకా 'ఇవే', 'మొత్తం' అనే మాటలు వాడకూడదు."

"వెతకలేకపోయాను" పొడుగ్గా ఉంది. పొట్టిది ఎవరికైనా తడితే రాయండి, శుక్రవారం దాకా మార్చవచ్చు.