మ్యాక్ ప్లస్‌కు బయటి నుంచి రంగుల తెర: వాడినవారి అనుభవాలు కావాలి

పాతపెట్టె:
నా దగ్గర 1986 నాటి ఆపిల్ కంప్యూటర్ మాకింటాష్ ప్లస్ ఒకటి పనిచేసే స్థితిలో ఉంది. దాని 512×342 చుక్కల నలుపు తెలుపు తెర నాకు ఇష్టమే. అయితే వెనుక ఉన్న 25 పిన్నుల స్కజీ పోర్టుకు (హార్డ్ డిస్క్ వంటి బయటి పరికరాలను కలిపేది) తగిలించి రంగుల మానిటర్‌ను నడిపే పెట్టెలు అప్పట్లో అమ్మేవారని తెలిసింది. లోపల అదనపు కార్డు పెట్టే స్లాటు లేదు కాబట్టి నాకు కనిపిస్తున్న దారి ఇదొక్కటే. ఎవరైనా వాడి చూశారా?

టంకంచుక్క:
ఆరా సిస్టమ్స్ వారి స్కజీగ్రాఫ్‌ను కొంతకాలం వాడానండి. దానిలో వచ్చేవి ఎనిమిది రంగులే, ఆ సంఖ్యకు కారణం పెట్టెలో లేదు. మాకింటాష్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్విక్‌డ్రా; 1984 నాటి దాని తొలి రూపంలోనే నలుపు, తెలుపుతో పాటు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సయాన్, మెజెంటా, పసుపు రంగులకు స్థానం కల్పించారు. తెర మీద చూపే వీలు లేకపోయినా, ఇమేజ్‌రైటర్ 2 ప్రింటర్‌లో రంగుల రిబ్బన్ వేస్తే అవి కాగితం మీద పడేవి. అసలైన కలర్ క్విక్‌డ్రాకు కనీసం 68020 ప్రాసెసర్ కావాలి, ప్లస్‌లో ఉన్నది 68000. అందువల్ల ఫొటోల మీద ఆశ పెట్టుకోకండి. రంగు అడగడం తెలిసిన ప్రోగ్రాములే రంగులో కనిపిస్తాయి, తక్కినవి ఖరీదైన మానిటర్ మీద కూడా నలుపు తెలుపుగానే ఉంటాయి. క్విక్‌డ్రాను పక్కనపెట్టి నేరుగా తెర మెమరీలో రాసే ఆటలైతే బయటి తెరకు చేరనే చేరవు.

వేగం సంగతి కూడా చెప్పాలి. 640×480 తెరకు చుక్కకు మూడు బిట్ల చొప్పున 1,15,200 బైట్లు అవుతాయి. ప్లస్ స్కజీ సెకనుకు సుమారు 250 కిలోబైట్లు పంపగలదు కనుక, తెర మొత్తాన్ని చుక్కచుక్కగా పంపవలసి వస్తే దాదాపు అర సెకను పడుతుంది.

ఎనిమిదిబిట్లు:
మాకింటాష్ గురించి నాకు తెలియదు గానీ, సింక్లెయిర్ వారి చిన్న కంప్యూటర్ జడ్‌ఎక్స్81 విషయంలో నా అనుభవం ఇందుకు పూర్తిగా తలకిందులు. ఆ యంత్రంలో తెర మీది బొమ్మను గీసే భారం కూడా జడ్80 ప్రాసెసర్ మీదే ఉంటుంది. బొమ్మ ఆగకుండా కనిపించే స్లో మోడ్‌లో మన ప్రోగ్రాముకు మిగిలేది సుమారు నాలుగో వంతు సమయమే. వెనుక ఎడ్జ్ కనెక్టర్‌కు టీఎంఎస్9918ఎ అనే బొమ్మలు గీసే చిప్‌ను కలిపితే 256×192 తెర, 15 రంగులు, 32 స్ప్రైట్‌లు (తెర మీద విడిగా కదిలే చిన్న బొమ్మలు) వస్తాయి. పైగా ఆ చిప్ తన 16 కిలోబైట్ల మెమరీని తానే చూసుకుంటుంది కాబట్టి, తెర గీసే పని మానేసే ఫాస్ట్ మోడ్‌లో ఉంచిన ప్రాసెసర్‌కు పూర్తి ఊపిరి దొరుకుతుంది. మీ ప్లస్‌కు బయటి తెర అదనపు బరువైతే నా యంత్రానికి అది బరువు దింపింది.

నేను తడబడినవి రెండు. జడ్‌ఎక్స్81 పోర్టు చిరునామాలను (ఏ పరికరంతో మాట్లాడాలో చెప్పే సంఖ్యలను) పూర్తిగా డీకోడ్ చేయదు, అంటే అన్ని గీతలనూ చూడదు. ఎ0, ఎ1 అనే చిరునామా గీతల్లో ఏది సున్నా అయినా లోపలి యూఎల్ఏ చిప్ స్పందిస్తుంది, ఎ2 సున్నా అయితే ప్రింటర్. మూడింటినీ 1గా ఉంచే చిరునామాలు ఎంచుకునేదాకా యంత్రం వేలాడిపోతూనే ఉంది. రెండవది, బొమ్మ గీస్తున్న వేళ ఆ చిప్‌కు బైటుకు బైటుకు మధ్య 8 మైక్రోసెకన్ల వరకు వ్యవధి కావాలి. బైట్లను వరుసగా పోర్టుకు పంపే జడ్80 ఓటీఐఆర్ ఆదేశం 21 గడియార స్పందనల్లో, అంటే 3.25 మెగాహెర్ట్‌జ్ వద్ద ఆరున్నర మైక్రోసెకన్లలోపే తర్వాతి బైటును పంపేస్తుంది. ఒక వారమంతా చెదిరిన అక్షరాలు చూసి తీగలనే అనుమానించాను.

పాతపెట్టె:
ఒక మిత్రుని దగ్గర పెట్టె అరువుగా దొరికింది. మొదట బొమ్మే రాలేదు. ఒకదాని వెంట ఒకటి కలిపిన స్కజీ పరికరాల గొలుసు చివర సంకేతాలు వెనక్కి తిరగకుండా ఆపే టెర్మినేషన్‌కు ప్లస్ తన పోర్టు ద్వారా విద్యుత్తు ఇవ్వదన్న సంగతి నాకు తెలియదు; చివర తగిలించిన టెర్మినేటర్ ఉన్నా లేనట్టే అయింది. ఆ విద్యుత్తును అందించే హార్డ్ డిస్క్‌ను గొలుసులో చేర్చగానే మానిటర్ వెలిగింది.

టంకంచుక్క:
సంతోషం. గొలుసులోని ఒక్కో పరికరానికి ఉండే ఐడీ సంఖ్యలు కూడా ఒకసారి సరిచూసుకోండి, 7 మ్యాక్‌దే. రంగు నిజంగా వస్తోందా?

పాతపెట్టె:
వస్తోందండి. గీసే రంగును ఎంచే క్విక్‌డ్రా ఆదేశం ఫోర్‌కలర్‌ను పిలిచే చిన్న పాస్కల్ ప్రోగ్రాము రాసి ఒక ఎర్ర చతురస్రం గీయించాను. పెట్టె తీసేసి అదే ప్రోగ్రామును నడిపితే, లోపలి తెర మీద చతురస్రం నల్లగా వచ్చింది.