వేలాండ్‌లో స్క్రీన్ షేర్, ఎక్స్‌డూటూల్, పుష్-టు-టాక్ పనిచేయట్లేదు. ఎక్స్11కి వెనక్కి పోవచ్చా?

ప్రశ్న: లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 వదిలి, కొత్తదైన వేలాండ్ సెషన్‌కి మారాక మీటింగులో స్క్రీన్ షేర్ చేస్తే అంతా నల్లగా వస్తోంది. మన బదులు కీలు నొక్కే ఎక్స్‌డూటూల్ స్క్రిప్టు కొన్ని విండోల్లోనే పనిచేస్తోంది. వేరే విండోలో ఉన్నప్పుడు పుష్-టు-టాక్ కీ (నొక్కి ఉంచినంతసేపే మైక్ పనిచేసేది) నొక్కినా ఫలితం లేదు. ఎక్స్11కి తిరిగి వెళ్తే నష్టమేంటండీ? డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా 6.

జవాబు: నష్టమేంటో తెలియాలంటే, ఎక్స్11 సెషన్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ అనే కమాండ్‌ని టెస్ట్-ఎక్స్‌ఐ2, రూట్ విండో ఆప్షన్లతో నడిపి, బ్రౌజర్‌లో ఏదైనా టైపు చేసి చూడండి. ప్రతి కీ కోడూ టెర్మినల్లో పడుతుంది, సుడో (అడ్మిన్ అనుమతి) కూడా అక్కర్లేదు. వేలాండ్‌లో కీలు ఫోకస్ ఉన్న విండోకే అందుతాయి, వేరే విండోల తెరని అనుమతి లేకుండా చూడటమూ కుదరదు. మీ ఇబ్బందులు ఇలాంటి కట్టడుల వల్లే.

స్క్రీన్ షేర్‌కి పైప్‌వైర్ (వీడియో, ఆడియో అందించేది), ఎక్స్‌డీజీ డెస్క్‌టాప్ పోర్టల్ (మీ అనుమతి అడిగి యాప్‌కి దారి ఇచ్చేది), దాని కేడీఈ బ్యాకెండ్ మూడూ ఉండాలి. ఉన్నా నలుపే వస్తే ఎక్స్‌ఎల్‌ఎస్‌క్లయింట్స్ కమాండ్ నడపండి. ఆ జాబితాలో మీటింగ్ యాప్ ఉంటే అది ఎక్స్‌వేలాండ్ (వేలాండ్‌లో పాత ఎక్స్11 యాప్‌లని నడిపేది) మీద నడుస్తున్నట్టు. అప్పుడు యాప్ వదిలేసి బ్రౌజర్‌లోంచి చేరడమే తేలిక.

పుష్-టు-టాక్‌కి యాప్‌లో గ్లోబల్ షార్ట్‌కట్స్ పోర్టల్ (ఏ విండోలో ఉన్నా షార్ట్‌కట్ కీ యాప్‌కి అందించేది) సపోర్టు ఉంటే సరే. లేకపోతే, అది ఎక్స్11 యాపే అయితే, సిస్టమ్ సెట్టింగ్స్‌లో పాత ఎక్స్11 యాప్‌లకు కీలు వినే అనుమతి ఉంది. అందులో అక్షరాలు కాని కీల వరకే ఎంచుకుని, కుడి కంట్రోల్‌ని పుష్-టు-టాక్‌గా పెట్టుకోండి. అక్షరాలు బయటికి పోవు.

ఇంకొకరు: ఎక్స్‌డూటూల్ సాధారణంగా ఎక్స్‌వేలాండ్ విండోలకే కీలు పంపగలదు. బదులుగా వైడూటూల్ వాడండి. అది కెర్నెల్‌లోని యూఇన్‌పుట్ (నకిలీ కీబోర్డు తయారుచేసే సదుపాయం) ద్వారా పంపుతుంది కాబట్టి అన్ని విండోల్లోనూ పనిచేస్తుంది. అయితే చాలా గైడ్లు యూజర్‌ని ఇన్‌పుట్ గ్రూపులో చేర్చమంటాయి. ఆ పని మాత్రం చేయొద్దు! మీ పేరుతో నడిచే ప్రతి ప్రోగ్రామూ కీబోర్డుని నేరుగా చదవగలుగుతుంది, అంటే ఎక్స్11 వదిలి మూసిన కన్నం ఇక్కడ మళ్లీ తెరిచినట్టే. యూఇన్‌పుట్ ఒక్కదానికే విడిగా గ్రూపు పెట్టి యూడెవ్ రూల్ (పరికరాల అనుమతులు నిర్ణయించేది) రాయండి. అలా చేసినా ఏ ప్రోగ్రామైనా మీ టెర్మినల్లోకి ఆదేశాలు కొట్టగలదు, కాబట్టి పని లేనప్పుడు వైడూటూల్ డీమన్‌ని (వెనకాల నడిచే ప్రోగ్రాముని) ఆపినంత మాత్రాన చాలదు, ఆ అనుమతే తీసేయాలి.

ప్రశ్న: అంటే వేలాండ్‌లో ఉంటే కీలాగర్ల (మనం నొక్కే కీలని దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రాముల) భయం లేనట్టేనా?

జవాబు: లేదండీ. మీ యూజర్ కింద నడిచే ప్రోగ్రాము టెర్మినల్ తెరిచినప్పుడు నడిచే బ్యాష్‌ఆర్‌సీ ఫైలుని మార్చేయగలదు, దాన్ని వేలాండ్ ఆపదు. ఎక్స్‌వేలాండ్ యాప్‌లు ఒకదాన్నొకటి ఇప్పటికీ గమనించగలవు. నమ్మకం లేని యాప్‌ని ఫ్లాట్‌ప్యాక్‌లో (యాప్‌ని విడిగా కట్టడిలో నడిపే పద్ధతి) పెట్టి, దాని అనుమతులు మార్చే ఫ్లాట్‌సీల్‌లో ఎక్స్11, ఫాల్‌బ్యాక్ ఎక్స్11 రెండూ ఆపేయండి. హోమ్ ఫోల్డర్ అనుమతి కూడా తీసేయండి. ఆ తర్వాత యాప్ తెరుచుకోకపోతే దానికి వేలాండ్ సపోర్టు లేదేమో చూడండి.