తోట కొలనులో నీరు నిలవట్లేదు, లీకు ఎక్కడో ఎలా కనిపెట్టాలి?

కలువపూలు:
మూడేళ్ల కిందట తోటలో నల్ల రబ్బరు షీటు పరిచి చిన్న కొలను కట్టుకున్నాం. ఒక పక్క రాళ్ల మీదుగా నీళ్లు జాలువారేలా పంపు పెట్టాం. పది రోజులుగా రోజూ రెండంగుళాల నీరు తగ్గిపోతోంది. లోపల చేపలున్నాయి, అదే టెన్షన్. మొత్తం తోడేసి కొత్త షీటు వేయించమంటున్నారు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

మట్టిచేతులు:
తొందరపడి తోడకండి. నీళ్లుంటేనే లీకు జాడ తెలుస్తుంది. నేను ముందే ఖాళీ చేసేసి, రెండు రోజులు షీటంతా తడిమినా ఏమీ దొరకలేదు. ఒక బకెట్లో కొలను నీళ్లే పోసి, కొలను లోపలి మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపలి మట్టం దగ్గర ఒక గీత, బయట కొలను మట్టం దగ్గర ఇంకో గీత గీయండి. పంపు ఆపి 24 గంటలు చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. తర్వాత పంపు వేసి ఇంకో రోజు చూడండి. అప్పుడు మాత్రమే బయట ఎక్కువ తగ్గితే తప్పు జలపాతంలోనో, పైపులోనో ఉన్నట్టు.

బంగారుచేప:
పంపు ఆపినప్పుడు చేపలకు గాలి అందాలి కదా, నీటిలోకి గాలి బుడగలు వదిలే ఏరేటర్ మాత్రం నడవనివ్వండి. తగ్గిన నీటికి కుళాయి నీళ్లు కలిపేటప్పుడు క్లోరిన్ పోగొట్టే మందు వేయడం మరిచిపోవద్దు.

కలువపూలు:
చూశానండి! పంపు ఆపితే రెండు గీతలూ సమానం. వేస్తే బయట రెండంగుళాలు తేడా. అంటే షీటు అడుగున చిల్లి లేనట్టేనా?

రాతిబాట:
లేనట్టే. రాళ్ల మధ్య నాచు, వేర్లు పెరిగితే నీరు అడ్డుపడి షీటు అంచు దాటి పక్కకు పోతుంది. మట్టి కుంగి అంచు ఒకచోట దిగిపోయినా అంతే. మా ఇంట్లో అయితే అంచు మీదికి మట్టి, గడ్డి పాకాయి. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు అవి నీటిని బయటికి లాగేశాయి. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు, రాళ్లు తీసి చూడాల్సిందే.

నీటిగీత:
అడుగున చిల్లి ఉన్నవాళ్ల కోసం: నీటిని తగ్గనివ్వండి, ఏ మట్టం దగ్గర ఆగితే దాదాపు అక్కడే చిల్లి. మరీ కిందికి పోతుంటే చేపల్ని ముందే తొట్టిలోకి మార్చండి. నీరు కదలకుండా ఉన్నప్పుడు అనుమానం ఉన్నచోట రెండు చుక్కలు పాలు వదిలితే, తెల్లటి తీగ చిల్లి వైపు సాగుతుంది. రబ్బరు షీటుకి అతుకు వేసే ముందు శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద అతుకు నిలవదు. పీవీసీ షీటుకి దానికి తగ్గ అతుకే వాడాలి.

మట్టిచేతులు:
సిమెంటు కొలను వాళ్లు పగులు మీద పైపైన పూయొద్దు. ఉలితో లోతుగా తెరిచి నింపాలి. కొత్త సిమెంటులోని సున్నం నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచేస్తుంది. నాలుగైదుసార్లు నింపి తీసేసి, పీహెచ్ పరీక్షించాకే చేపల్ని వదలండి.

కలువపూలు:
రాళ్లు తీశాను. జలపాతం రెండో మెట్టు దగ్గర పెద్ద రాయి కింద షీటు అంచు అరచేతి మందాన కుంగి ఉంది! కింద మట్టి దట్టించి, అంచు పైకి లేపి రాళ్లు మళ్లీ పేర్చాను. నిన్న సాయంత్రం నుంచి పంపు నడుస్తోంది, రెండు గీతలూ పక్కపక్కనే ఉన్నాయి. రేపు కూడా చూసి చెప్తాను.