1974 స్ప్రైట్ కారవాన్: లోపలి చెక్కకి తెల్లరంగు వెయ్యొచ్చా, పాపమా?

పాతబండి (లెస్టర్)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక పాత కారవాన్ కొన్నాం, అదే, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు లాంటి బండి. 1974 స్ప్రైట్ ఆల్పైన్, 600 పౌండ్లు. అమ్మినాయన పెరట్లో 11 ఏళ్లు కదలకుండా ఉంది. టైర్లు మార్చి మెల్లగా ఇంటికి లాక్కొచ్చాను. ఇప్పుడు డ్రైవ్‌వేలో టార్పాలిన్ కింద ఉంది.

లోపలంతా ముదురు గోధుమరంగు. పల్చటి ప్లై మీద చెక్క పొర అంటించినది. నారింజ పువ్వుల పరదాలు. గోడకి రెండు గ్యాసు దీపాలు. ఆ దీపాల్లో మాంటిల్ చూడగానే చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్లి ఊరేగింపులో నెత్తిన పెట్టుకుని నడిచే పెట్రోమాక్సు లైట్లు గుర్తొచ్చాయి. బేరం కూడా ఆడకుండా డబ్బిచ్చేశాను.

మా ఆవిడ అన్నీ పీకేసి తెల్లరంగు కొడదామంటుంది. ఉన్నది ఉన్నట్టు బాగుచేద్దామని నేను. పది రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఇంటి దగ్గర ఇలాంటివి చేసుకున్నవాళ్ళుంటే ఏది ఒప్పో చెప్పండి.

గోదారి_గట్టు (బ్రిస్టల్)

పాపమే. ఇందులో చర్చ ఏముంది?

అసలు మీ దగ్గరున్నదేంటో తెలుసా? శామ్ ఆల్పర్ అనే ఆయన 1949లో స్ప్రైట్ మొదలుపెట్టాడు. తర్వాత ఫ్యాక్టరీ న్యూమార్కెట్‌లో ఉండేది. అంతకుముందు కారవాన్ అంటే డబ్బున్నవాళ్ల సరదా. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు మా బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్‌లోనే ‘వాండరర్’ అని గుర్రాలు లాగే బండి చేయించుకుని ఊళ్లు తిరిగాడు. అది రైలు పెట్టె చేసినంత పని. ఆల్పర్ వచ్చి, జీతం రాళ్లతో బతికేవాడు కూడా కొనేట్టు, చిన్న కారు కూడా లాగేట్టు చేశాడు. 1958లో రోడ్డు పక్క లిటిల్ చెఫ్ హోటళ్లు మొదలుపెట్టిందీ ఆయనే.

చవకవి కాబట్టే ఎవరూ వీటిని దాచుకోలేదు. పెరట్లో కోళ్లగూళ్లయ్యాయి, కుళ్లిపోయాయి. లోపల ఏమీ మార్చకుండా మిగిలినవి తక్కువ. చెక్క పొర మీద రంగు ఒకసారి వేస్తే ఆ నరాల్లోకి దిగిపోతుంది. తర్వాత గీకితే రంగుతోపాటు పొర కూడా లేచొస్తుంది. మా అమ్మమ్మ గారింట్లో టేకు స్తంభాలకి ఆకుపచ్చ ఎనామిల్ కొట్టించిన మామయ్యని నేనింకా క్షమించలేదు.

ఓరుగల్లు_పోరడు (మాంచెస్టర్)

అన్నా, మ్యూజియం పెడ్తున్నవా, పిల్లల్ని తీస్కొని పోతున్నవా? ముందుగాల గది చెప్పు.

నేను 1978 బండి ఒకటి చేసిన. మొత్తం తెల్లరంగే కొట్టిన. గంత చిన్న డబ్బల నలుగురు కూసోని, బయట వాన పడ్తుంటే, సుట్టూ గా ముదురు రంగుంటే గుహల ఉన్నట్టుంటది. ఈ దేశంల వాన పడని దినాలెన్ని? మా పోరలు ఇప్పుడు బండి దిగమంటే దిగరు. గా గోధుమరంగు అప్పటి ఫ్యాషన్, గంతే. దానికి దండం పెట్టుడెందుకు?

డబ్బుసంచి (రీడింగ్)

600కి కొన్నారు, ఇంకో 5,000 పోస్తారు, చివరికి 2,000కి అమ్ముతారు. నా బండి లెక్కా ఇంతే అయింది. ఆ డబ్బుకి పదేళ్ల కిందటి బండి మంచిది వచ్చేది. సరే, మీ ఇష్టం.

వడ్రంగి_మనవడు (హల్)

పెళ్లికూతురికి ఏ రంగు చీర కట్టాలని కొట్టుకుంటున్నారు. పిల్లకి జ్వరం ఉందో లేదో ఒక్కరూ చెయ్యి పెట్టి చూడలేదు. పాతబండి గారూ, మీ పోస్టులో చెమ్మ గురించి ఒక్క ముక్క లేదు.

ఈ బండి బయటి రేకు మీద నిలబడదు. లోపల సన్నటి మెత్తకలపతో చట్రం ఉంటుంది. దానికి బయట అల్యూమినియం రేకు, లోపల పల్చటి ప్లై, మధ్యలో చలి ఆపడానికి పీచో థర్మాకోలో. పైకప్పు రేకూ పక్క రేకూ కలిసే అంచు పొడుగునా ఒక అల్యూమినియం పట్టీ కనిపిస్తుంది. ఆనింగ్ రెయిల్ అంటారు. వరసగా స్క్రూలు బిగించి ఉంటుంది. పట్టీ కింద నీళ్లు దిగకుండా పెట్టిన మాస్టిక్ బంక 50 ఏళ్లకి ఎండి, డబ్బాలో మిగిలిపోయిన అప్పడంలా పెళుసుగా అయిపోతుంది. ఇక స్క్రూ వెంటే నీళ్లు దిగుతాయి. ఇనుప స్క్రూ, అల్యూమినియం, నీళ్లు. మూడూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. బయటికి మాత్రం ఏమీ తెలీదు. చెక్క లోపల్లోపల మెత్తబడుతుంది.

చెమ్మ మీటరు కొనండి, పెద్ద ఖరీదేమీ కాదు. 15 శాతం లోపుంటే నిశ్చింత. 20 దాటితే నీళ్లకి ఎక్కడో దారి దొరికింది. 30 దాటితే చెక్క పుచ్చిందనుకునే గోడ విప్పాలి. మీటరు వచ్చేలోపు బొటనవేలుంది కదా. ముందు కిటికీ కింద రెండు మూలల్లో గట్టిగా నొక్కి చూడండి.

నా మొదటి బండికి నేను చేసిన ఘనకార్యం చెప్తాను. లోపల ప్లై నల్లబడిందని ముందు లోపలే మొదలుపెట్టాను. కొత్త ప్లై, వార్నిష్, చిత్రిక పట్టిన అంచులు. మా తాత చూసుంటే భుజం తట్టేవాడు. బయట పట్టీ కింద మాత్రం సిలికాన్ ట్యూబు పిండి చేతులు దులుపుకున్నాను. ఆ చలికాలం గడిచి మార్చిలో తలుపు తీస్తే, నా కొత్త ప్లై మీద చాయ్ ఒలికినట్టు మరక, పై నుంచి కిందకి. సిలికాన్ గీకబోతే పూర్తిగా ఊడదు, మిగిలినదాని మీద ఇంకేదీ అంటదు. ఆ పట్టీ శుభ్రం చెయ్యడానికే రెండు వారాంతాలు పట్టింది. పట్టీ మొత్తం విప్పి, పాతదంతా గీకి, రంగు పల్చన చేసే వైట్ స్పిరిట్‌తో తుడిచి, బ్యూటైల్ మాస్టిక్ పరిచి, స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించాలి. వేరే దారి లేదు. బయట పని అయ్యాకే లోపల.

ఇంకోటి. లోపలి అల్మరాలు అలంకారానికి కాదు. ఈ తేలికపాటి బండ్లలో గోడకీ గోడకీ, గోడకీ కప్పుకీ దాపు అవే. ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు మొత్తం పీకినప్పుడు గోడలు ఊగలేదా? నిజం చెప్పు.

ఓరుగల్లు_పోరడు (మాంచెస్టర్)

ఊగినయన్నా. అబద్ధమెందుకు చెప్త. బట్టల అల్మర, వంటింటి అడ్డగోడ తీసినంక చేత్తో నూకితే పక్క గోడ అట్ట లెక్క కదిలింది. మళ్ల చెక్క పట్టీలు కొట్టి నిలబెట్టిన. చెక్కపొడి ఒత్తి చేసే ఎండీఎఫ్‌తోటి కొత్త వంటగట్టు చేసిన. మంచిగనే కనవడ్డది. బండిని కాటా మీదికెక్కిస్తే ముందటి కంటె 90 కేజీలు ఎక్కువ తేలింది! నా కారు 1,300 కేజీలు. కొత్తగ లాగెటోళ్లకు బండి బరువు కారు బరువుల 85 శాతం దాటొద్దంటరు గదా, అంటే 1,105. సామాను ఎక్కిచ్చినంక గీత మీద నిలవడ్డ. గా ఎండీఎఫ్ మలి ఏడు చెమ్మకు ఉబ్బి ఇడ్లీ లెక్కయింది. తీసి పారేసి తేలిక ప్లైతోని మళ్ల చేసిన.

పీకుడు తప్పే, ఒప్పుకుంట. రంగు మాత్రం తప్పు కాదు.

గోదారి_గట్టు (బ్రిస్టల్)

చూశారా! ఫ్యాక్టరీవాళ్లు ఆ అల్మరాని అంత పల్చగా చేసింది పిసినారితనంతో కాదు, ఆలోచించి. అందుకే అంటాను, ఏదీ ముట్టుకోకండి. పరదాలు, పరుపులు, దీపాలు, అన్నీ.

పాతబండి_ఇంటావిడ (లెస్టర్)

నమస్తే అన్నయ్యగారూ. మా ఆయన చెప్పిన సగం కథ చదివి మీరంతా తీర్పులిచ్చేస్తున్నారని నేనూ చేరాను.

మొదటిది, వాసన సంగతి ఆయన రాయలేదు. తలుపు తీస్తే వానాకాలంలో నానిన గోనెసంచి వాసన. రెండోది, ఆ పరుపులు. మీరు ముట్టుకోవద్దన్న పరుపులు. ఈ దేశంలో కుర్చీలు, పరుపుల నురగకి నిప్పు తొందరగా అంటుకోకుండా నిబంధనలు వచ్చింది 1988లో. దానికి 14 ఏళ్ల ముందు నురగ ఇది. అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ. దాని మీద నా పిల్లల్ని పడుకోబెట్టి, పక్కన గోడకి గ్యాసు దీపం వెలిగించి, ‘అసలైనది’ అని మురిసిపోవాలా? నురగ మారుస్తున్నాం. ఇది చర్చ కాదు. గుడ్డ కుట్టేది నేనే కాబట్టి రంగు కూడా నేనే ఎంచుకుంటాను.

మూడోది. 1974లో ఈ బండి కొన్న ఇల్లాలు తన కాలం వాడుకలో ఉన్న రంగు కొనుక్కుంది. ఆవిడ సరదాకి నేనెందుకు కాపలా కాయాలి? ఆవిడే ఇప్పుడుంటే ఈపాటికి మూడుసార్లు మార్చి ఉండేది.

గోదారి_గట్టు (బ్రిస్టల్)

నురగ విషయంలో మీదే రైటమ్మా. నేను ఆలోచించలేదు. పరదాలు మాత్రం ఉతికి అట్టపెట్టెలో దాచండి, పారెయ్యకండి. అంతే అడుగుతున్నాను.

లక్ష్మి_లీడ్స్ (లీడ్స్)

చెల్లెమ్మా, గ్యాసు దీపం మాట ఎత్తావు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ బండి నేలలో, పొయ్యి దగ్గర, జాలీ బిగించిన చిన్న కన్నం ఉందా? లేక ఎవరైనా మూసేశారా?

మా బండిలో ఆ కన్నంలోంచి చలిగాలి కొడుతోందని, ఎలుకలు దూరతాయని మావారు ప్లై ముక్క కొట్టి పైన చక్కగా లినోలియం పరిచారు. నేనే మెచ్చుకున్నాను కూడా. గ్యాసు చూడ్డానికి వచ్చినాయన పొయ్యి జోలికి కూడా వెళ్లలేదు. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తడిమి, “ఇక్కడ కన్నం ఉండాలే?” అన్నాడు. కొత్త లినోలియం మా కళ్ల ముందే కోశాడు. ఈ సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. ఆ కన్నం అది బయటికి పోయే దారి. కిటికీ తెరిస్తే సరిపోతుందనుకునేవాళ్లం మేము.

పాత పొయ్యిల్లో మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగే ఏర్పాటు చాలావాటిలో ఉండదు. రెగ్యులేటర్ కూడా కనిపించిందల్లా బిగించకండి. అప్పట్లో బ్యూటేన్‌కి 28 మిల్లీబార్ ఒత్తిడి, ప్రొపేన్‌కి 37, వేటివి వాటికే. ఇప్పటి బండ్లలో రెండిటికీ కలిపి 30. మీ పొయ్యికి ఏది సరిపోతుందో, గ్యాసు పనివాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి కారవాన్ పని చేసే మనిషి చెప్పాలి. రబ్బరు గొట్టాలు కొత్తవి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పదు. హీటరు వెనక బూడిదరంగు పలక కనిపిస్తే డ్రిల్లు పెట్టకుండా ముందు పరీక్షకి పంపండి. ఆ రోజుల్లో వేడి తగిలేచోట ఆస్బెస్టాస్ వాడేవాళ్లు.

దీపాలకి గ్యాసు తీయించి లోపల చిన్న ఎల్‌ఈడీ పెట్టుకోండి. మేం అలాగే చేశాం.

గోదారి_గట్టు (బ్రిస్టల్)

ఎల్‌ఈడీ పెట్టిన పెట్రోమాక్సు. ఇది కూడా చూశాను.

లక్ష్మి_లీడ్స్ (లీడ్స్)

చూడ్డానికి బతికే ఉన్నారుగా అన్నయ్యా.

పాతబండి (లెస్టర్)

అందరికీ థాంక్స్. మీటరు వచ్చింది. వెనక గోడ 14, పక్కలు 16, 17. ముందు కిటికీ కింద కుడి మూల 38. ఎడమ మూల అయితే మీటరు ముల్లు పెట్టగానే లోపలికి దిగిపోయింది, అంకె చూడాల్సిన అవసరమే రాలేదు.

నిన్న ఆ మూల ప్లై విప్పాం. చట్రం కింది కడ్డీ ఉందని తెలుస్తోంది కానీ పట్టుకుంటే నానబెట్టిన అటుకుల్లా వేళ్ల మధ్యకి వచ్చేసింది. స్క్రూలకి తలలున్నాయి, ఒళ్లు లేదు. జానెడు పైకి వెళ్తే చెక్క గట్టిగానే ఉంది. అక్కడిదాకా కోసి కొత్త ముక్క ఏటవాలుగా అతికించాలనుకుంటున్నాను. పుచ్చిన చెక్క మీద పోసి గట్టిపరిచే మందు అమ్ముతున్నారు, అది చాలదా వడ్రంగి గారూ?

లక్ష్మిగారూ, కన్నం ఉంది. దాని మీద పాతాయన కార్పెట్ అంటించాడు. కోసేశాను.

తమాషా ఏంటంటే, ముందు గోడ ప్లై ఎలాగూ పోయింది కాబట్టి అక్కడ కొత్తది వెయ్యాల్సిందే. కొత్త ప్లై ఆ పాత గోధుమరంగుకి ఎన్ని వార్నిష్‌లు పూసినా కలవదు. అందుకని ముందు గోడ ఒక్కటే తెల్లగా, అల్మరాలు ఉన్నట్టే ఉంచుదామని ఒప్పందానికి వచ్చాం. ఇద్దరికీ నచ్చలేదు.

ఓరుగల్లు_పోరడు (మాంచెస్టర్)

ఒక్క గోడ తెల్లగ కొట్టినవంటే మిగిలినయి గూడ కొడ్తవన్నా. మలి ఎండకాలం ఫోటో పెట్టు, జూస్త.

గోదారి_గట్టు (బ్రిస్టల్)

కొట్టరు. పందెం.

వడ్రంగి_మనవడు (హల్)

మందు వద్దు. కొద్దిగా మెత్తబడిన చోట పనికొస్తుందేమో కానీ అటుకులకి ఏం పోస్తే కలప అవుతుంది? గట్టి చెక్క తగిలేదాకా కోసెయ్యండి. అతుకు పొడుగ్గా, ముక్క మందానికి ఎనిమిదింతలు ఉండేట్టు పెట్టండి. కోసే ముందు కప్పుకి కింద నుంచి ఒక దుంగ దాపు పెట్టండి, లేకపోతే కిటికీ చట్రం జారి గాజు పగులుతుంది. కిటికీ రబ్బరు తీసేటప్పుడు బయట ఒకరు గాజు పట్టుకోవాలి, ఆ పని ఒక్కరే చెయ్యకండి.

రంగు డబ్బా మాత్రం ఇప్పుడే కొనకండి. ఆ గోడ విప్పి వదిలేసి, టార్పాలిన్ కింద గాలి ఆడేట్టు చూస్తే చెక్క ఆరడానికే నెల పైన పడుతుంది. మీటరు 15 కిందకి దిగినరోజు వచ్చి చెప్పండి.

పాతబండి_ఇంటావిడ (లెస్టర్)

డబ్బా కొనేశాను. ఆరేదాకా షెడ్డులో ఉంటుంది.