పరుగెడుతూ బుర్ర వాడటం ఎలా అలవాటు చేసుకోవాలి? (ఫుట్‌బాల్ రెఫరీలు చెప్పండి)

పర్లాకిమిడి విజిల్:
రెండేళ్లుగా మా పర్లాకిమిడి చుట్టుపక్కల, అప్పుడప్పుడు పాతపట్నం వైపు కూడా, ఊరి టోర్నమెంట్లకి రెఫరీగా వెళ్తున్నాను. రోజూ పొద్దున్న పరుగు మానను, దమ్ము గురించి బెంగ లేదు. గొడవంతా డెబ్బయ్యో నిమిషం దాటాకే. కాళ్లు ఆడుతూనే ఉంటాయి, బుర్ర మాత్రం పనిచెయ్యదు. మొన్న ఒకడికి రెండో ఎల్లో కార్డు చూపించి, వాణ్ణి బయటికి పంపాల్సింది పోయి, నోట్‌బుక్ చూసుకోకుండా ఆట మొదలుపెట్టేశాను. ఒక జట్టు ఒడియాలో, ఇంకో జట్టు తెలుగులో అరుస్తుంటే, రెండూ అర్థమవడం నా ఖర్మ. పరుగూ, బుర్రా కలిపి ప్రాక్టీస్ చేసే పద్ధతి ఏదైనా ఉందా?

బరంపురం పాత రెఫరీ:
తమ్ముడూ, నీదేం పెద్ద తప్పు కాదు. 2006 ప్రపంచకప్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్‌లో ఇంగ్లండ్ రెఫరీ గ్రాహం పోల్ అంతటివాడు క్రొయేషియా ఆటగాడు సిమునిచ్‌కి మూడో ఎల్లో చూపించాక గానీ బయటికి పంపలేదు. క్రొయేషియా 3వ నంబరైన సిమునిచ్‌కి ఇచ్చిన రెండో కార్డుని ఆస్ట్రేలియా 3వ నంబరు కింద రాసుకున్నాడు, అంతే.
ఫిఫా ఫిట్‌నెస్ పరీక్షలో 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక, ఇలా 40 సార్లు ఉంటుంది కదా, నువ్వు దాన్నే చెయ్యి, కానీ పరుగు చివర ఒకణ్ణి నిలబెట్టు. వాడు రంగు తువ్వాలు ఎత్తి ఒక నంబరు చెప్తాడు, నువ్వు నడుస్తూ అప్పటిదాకా వచ్చినవన్నీ రంగుతో సహా వరసగా అప్పజెప్పాలి. మొదట పది పరుగులు చాలు, ఒకేసారి నలభైకి పోకు. ఇంకోటి, కార్డు ఎత్తేముందే నోట్‌బుక్ చూడు, జనం ఎంత అరిచినా సరే.

గుణుపురం లైన్స్‌మన్:
అన్నయ్య చెప్పింది బాగుంది గానీ, నాకైతే అసలు అంత పరుగే అనవసరం అనిపిస్తుంది. బంతి వెనకాల పడి పరుగెత్తేవాడికే తొందరగా బుర్ర మొద్దుబారుతుంది. మూల నుంచి మూలకి ఏటవాలుగా వెళ్తే బంతి నీకూ లైన్స్‌మన్‌కీ మధ్యలో ఉంటుంది, సగం పని మేం చూస్తాం. మా బాధ వేరు, డిఫెండర్‌తో సమానంగా పరుగెడుతూ, బంతి తన్నిన క్షణంలో ముందున్నవాడు డిఫెండర్‌ని దాటి ఉన్నాడా, అంటే ఆఫ్‌సైడా అని చూడాలి. అందుకే వీలైనంతవరకు పక్కకి అడుగులేస్తాం, మొహం గ్రౌండు వైపే ఉంటుంది. అన్నట్టు, హాఫ్‌టైంలో నీళ్లు తాగుతున్నావా? మన ఉక్కకి అదొక్కటే సగం కారణం కావచ్చు.

పర్లాకిమిడి విజిల్:
నీళ్ల సంగతి నిజమే, సిగ్గుగా ఉంది. సాయంత్రం మా మేనల్లుడికి రెండు తువ్వాళ్లిచ్చి గ్రౌండుకి తీసుకెళ్లాను. ఆరు పరుగుల దాకా బాగానే చెప్పాను. ఏడోసారి వాడు ఎర్ర తువ్వాలెత్తి ఎనిమిది అన్నాడు, నేను నీలం మూడు అన్నాను. వాడు ఇంటికొచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.