గేమ్ అమ్ముడవుతోంది, పబ్లిషర్ లెక్కలో మాత్రం మా అప్పు పెరుగుతోంది. తెగదెంపులు చేసుకోవచ్చా?

టిక్‌రేట్30

ముందే చెప్తున్నా, పబ్లిషర్ పేరు అడగొద్దు, చెప్పను.

మేం ఆరుగురం. నేను సర్వర్ కోడ్ రాస్తాను. కాంట్రాక్టులు చదివే పని మిగతా ఐదుగురూ తప్పించుకోవడంతో అదీ నా నెత్తినే పడింది. నలుగురు కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్ ఒకటి చేశాం. విడుదలై 14 నెలలైంది. పెద్ద హిట్టేం కాదు, అలాగని పోయిందీ కాదు. సాయంత్రమైతే రూములు నిండుతూనే ఉన్నాయి.

ఒప్పందంలో వింతేమీ లేదు. మైల్‌స్టోన్లవారీగా, అంటే పనిలో ఒక్కో దశ పూర్తయ్యాక, అడ్వాన్స్ ఇచ్చారు. ఆ అడ్వాన్సూ, వాళ్లు పెట్టిన ఖర్చులూ రాబట్టుకున్నాక నికర ఆదాయంలో చెరిసగం. స్టోర్‌లో ఎన్ని కాపీలు పోయాయో చూసుకునే యాక్సెస్ మాకూ ఉంది. నా కాకిలెక్క ప్రకారం ఎనిమిదో నెలకే అడ్వాన్స్ తీరిపోవాలి. ఇప్పటికి నాలుగు త్రైమాసిక స్టేట్‌మెంట్లు వచ్చాయి, నాలుగింట్లోనూ మా వాటా సున్నా. సరే, ఓర్చుకున్నాం. పోయిన నెల వచ్చిన నాలుగోదాంట్లో 'ఇంకా రాబట్టాల్సిన మొత్తం' అన్న గడిలో మూడోదానికన్నా పెద్ద అంకె ఉంది! బాకీ కడుతుంటే అసలు పెరగడం ఎక్కడైనా ఉందా?

కింద వరుసలన్నీ చూశాను. 'మార్కెటింగ్, ఇతరాలు' అని అంతా ఒకే ముద్ద. అనువాదం ఖర్చు రెండు స్టేట్‌మెంట్లలో ఉంది, దశాంశాలతో సహా అదే అంకె. 'హోస్టింగ్' అని ఇంకో వరుస. గేమ్ సర్వర్ల బిల్లు మొదటి నెల నుంచీ నా కార్డు మీదే పడుతోంది. మరి వీళ్లు హోస్ట్ చేస్తున్నది దేన్ని?

వాళ్ల ప్రొడ్యూసర్‌కి మెయిల్ పెడితే "ఫైనాన్స్‌వాళ్లని కనుక్కుని చెప్తా" అన్నాడు. 11 రోజులైంది.

మా ఆర్టిస్ట్ అయితే రేపే నోటీసిచ్చి గేమ్ వెనక్కి లాక్కుందాం అంటోంది. ఐపీ, అంటే గేమ్ మీద హక్కులు, మాదే, అందులో అనుమానం లేదు. నా భయం వేరు. ఆటగాళ్లు లాగిన్ అయ్యేది పబ్లిషర్ అకౌంట్ సిస్టమ్‌తో. నా డేటాబేస్‌లో ఉన్నదల్లా వాళ్లిచ్చే ఒక ఐడీ నంబరు, దాని పక్కన లెవెలూ, వస్తువులూ. ఒక్కడి మెయిల్ అడ్రసు కూడా నా దగ్గర లేదు. తెగదెంపులు చేసుకుంటే మాకు మిగిలేది గేమా, గేమ్ పేరా?

ఆడిట్‌బాధితుడు

తమ్ముడూ, నోటీసు సంగతి తర్వాత. ముందు కాంట్రాక్టులో 'నికర ఆదాయం' నిర్వచనం తీసి చదువు. సగం సగం అన్నది అందరికీ గుర్తుంటుంది, దేంట్లో సగమో ఎవరూ చూడరు. మార్కెటింగ్ ఖర్చుకి పైహద్దు ఉందా? హద్దు దాటితే నీ అనుమతి కావాలని ఉందా? కొట్లాట అక్కడే.

మాదీ ఇదే కథ, వేరే పబ్లిషర్. మూడు నెలలకోసారి ఒక్క పేజీ పీడీఎఫ్ పంపేవాళ్లు. లెడ్జర్ అడిగితే 'అంతర్గతం' అన్నారు. చివరికి ఆడిట్ క్లాజు వాడాను, అంటే వాళ్ల లెక్కలు బయటి ఆడిటర్‌తో తనిఖీ చేయించుకునే హక్కు. దొరికినవాటిలో ఒకటి చెప్తా. ఏదో ప్రదర్శనలో స్టాల్ పెట్టారు, మూడు గేములకీ కలిపి. మా డెమో మెషీన్‌ని మూలన చెత్తబుట్ట పక్కన పెట్టారు, ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. స్టాల్ ఖర్చు మొత్తం మా ఖాతాలో రాశారు. సరే, పొరపాటేమో అనుకుని మిగతా రెండు గేములవాళ్లకి ఫోన్ చేశా. వాళ్ల ఖాతాల్లోనూ మొత్తమే రాసి ఉంది. ఒక్క స్టాల్‌కి మూడుసార్లు వసూలు!

తేడా ఇంత శాతం దాటితే ఆడిటర్ ఫీజు పబ్లిషరే భరించాలని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది, మాదాంట్లో 5 శాతం. ఇంకో లైను కూడా ఉంటుంది, అది ప్రమాదకరం: స్టేట్‌మెంట్ అందిన ఇన్ని నెలల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. నీ మొదటి స్టేట్‌మెంట్‌కి ఆ గడువు దగ్గరపడిందేమో చూసుకో. ఈరోజే 'మా హక్కులేవీ వదులుకోకుండా అభ్యంతరం తెలుపుతున్నాం' అని రెండు ముక్కలు రాసి, కాంట్రాక్టులో నోటీసులకని ఇచ్చిన అడ్రసుకే పంపు. ప్రొడ్యూసర్‌కి పెట్టిన మెయిల్ ఎందుకూ కొరగాదు.

అవతలిపక్క

నేను పబ్లిషర్ల దగ్గర రాయల్టీ లెక్కలు వేసినవాణ్ణి. ముందు తిట్టేసుకోండి, తర్వాత వినండి.

టిక్‌రేట్ గారూ, మీరు కాపీల సంఖ్యని గేమ్ ధరతో గుణించి ఉంటారు, అవునా? ఈ తప్పు చేయని డెవలపర్ని నేను చూళ్లేదు. డిస్కౌంట్లో పోయినవెన్ని, తక్కువ ధర ఉన్న దేశాల్లో పోయినవెన్ని? రిఫండ్లు తీయాలి. పీసీ గేములమ్మే స్టీమ్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడితే అడిగినవాళ్లకి డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. అమ్మకం పన్నులు తీయాలి. ఆ మిగిలినదాంట్లో స్టోర్ వాటా 30 శాతం. 2018 చివర్లో స్టీమ్ దాన్ని కోటి డాలర్లు దాటాక 25కీ, 5 కోట్లు దాటాక 20కీ తగ్గించింది గానీ, మనలాంటివాళ్లకి ఆ మెట్లు కనుచూపు మేరలో ఉండవు. ఇవన్నీ తీశాక ఎనిమిదో నెల కాస్తా పన్నెండో నెల అవ్వచ్చు.

అప్పు పెరగడం కూడా మాయ కాదు. ఆ మూడు నెలల్లో వచ్చినదానికన్నా పెట్టిన ఖర్చు ఎక్కువైతే పెరుగుతుంది. పెట్టే అధికారం వాళ్లకుందా లేదా అన్నదే ప్రశ్న. హోస్టింగ్ అంటారా, మీ లాగిన్ వాళ్లదేగా, ఆ సర్వర్ల ఖర్చు అయ్యుంటుంది. దాన్ని గేములన్నిటికీ ఎలా పంచుతున్నారో అడగండి. అనువాదం విషయంలో మాత్రం ఇన్‌వాయిస్ నంబరు అడగండి. ఒకే నంబరు రెండుచోట్ల వస్తే వాళ్ల దగ్గర జవాబుండదు. అలాంటివి నా చేత్తోనే సరిదిద్దాను, చాలావరకు కుట్ర కాదు, కాపీ పేస్ట్.

పాతజీఎం

శాతాల గొడవ తెగుతుందిలే, ఇవాళ కాకపోతే ఏడాదికి. ఆ అకౌంట్ల గురించి చివర్లో అడిగావు చూడు, అసలు అది మొదట అడగాల్సింది. ఆన్‌లైన్ గేమ్‌లో ఆటగాళ్ల జాబితా ఎవరి చేతిలో ఉంటే గేమ్ వాళ్లది. ఐపీ అన్నది కోర్టులో పనికొస్తుంది, కోర్టుదాకా వెళ్లే ఓపికుంటే.

లెజెండ్ ఆఫ్ మిర్ 2 అనే ఆన్‌లైన్ గేమ్ సంగతి వినే ఉంటావు. చేసింది కొరియాలో వీమేడ్ కంపెనీ, హక్కుల్లో యాక్టోజ్ అనే ఇంకో కొరియా కంపెనీకీ భాగముంది. 2001 నుంచి చైనాలో నడిపింది అక్కడి షాండా కంపెనీ. సర్వర్ సాఫ్ట్‌వేర్ లీకై ప్రైవేటు సర్వర్లు పుట్టుకొచ్చాయి. తప్పు మీదంటే మీదని గొడవపడి షాండా రాయల్టీ ఆపేసింది. 2003 జనవరిలో కొరియావాళ్లు కాంట్రాక్ట్ రద్దు అన్నారు. ఏమైంది? ఏమీ కాలేదు. గేమ్ నడుస్తూనే ఉంది, ఎందుకంటే సర్వర్లు షాండావి, ఆటగాళ్లు షాండా దగ్గర. పైగా అదే ఏడాది ఆ బాణీలోనే సొంత గేమ్ ఒకటి దింపింది. ఆగస్టులో రాజీపడ్డారు. 2004 చివరికి షాండా వెళ్లి యాక్టోజ్‌నే చేజిక్కించుకుంది. రద్దు చేసినవాడినే కొనేశారన్నమాట.

సవ్యంగా జరిగింది చూడాలంటే డెస్టినీ గేములు చేసిన బంగీ. తన పబ్లిషర్ యాక్టివిజన్‌తో 2019 జనవరిలో విడిపోయింది, డెస్టినీ హక్కులు తనతోనే తెచ్చుకుంది. పీసీలో డెస్టినీ 2 అప్పటిదాకా పబ్లిషర్ వైపు వేదిక బ్యాటిల్.నెట్‌లో ఉండేది. ఆ అక్టోబర్లో స్టీమ్‌కి మారింది. ఆటగాడు తన బంగీ అకౌంట్‌కి రెండూ లింక్ చేసుకుంటే పాత్రలూ ఆయుధాలూ అన్నీ వెంటొచ్చాయి. గమనించావా, మధ్యలో బంగీదే ఒక అకౌంట్ ముందు నుంచీ ఉంది. నీకు లేనిది అదే.

అది లేకుండా, మాటా కుదరకుండా విడిపోతే ఎలా ఉంటుందో 2023 జనవరిలో చైనాలోని వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు చూశారు. గేమ్ చేసిన బ్లిజార్డ్‌కీ, దాన్ని అక్కడ నడిపే నెట్‌ఈజ్‌కీ మధ్య ఒప్పందం ముగిసింది, సర్వర్లు ఆగాయి, జనం తమ పాత్రల డేటాని ఫైలుగా దింపుకుని దాచుకున్నారు. 2024లో మళ్లీ కలిశారు కాబట్టి సరిపోయింది. నేను ఒక గేమ్‌లో జీఎంగా, అంటే ఆటలో జనం బాగోగులు చూసే గేమ్ మాస్టర్‌గా, సర్వర్ ఆఖరి రాత్రి డ్యూటీ చేశాను. ఒకావిడ తన పాత్రని ఊరి మధ్యలో కూర్చోబెట్టి "ఎక్కడికెళ్తాం?" అని చాట్‌లో అడిగింది. టైప్ చేయడానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని, నోటీసు కాదు. వచ్చే ప్యాచ్‌లో మీ సొంత అకౌంట్ ఒకటి పెట్టు. సీజన్ బహుమతులు కావాలంటే లింక్ చేసుకోండి అను, ఆటగాడు తనంతట తానే వచ్చి మెయిల్ ఇస్తాడు. కాంట్రాక్టు దాన్ని నిషేధిస్తోందేమో ముందు చూసుకో.

టిక్‌రేట్30

నాలుగు రోజులు పట్టింది, అన్నీ కలిపి రాస్తున్నా.

అవతలిపక్క గారూ, మీరన్నట్టే గుణించాను, సిగ్గుగా ఉంది. సరిచేస్తే పదకొండో నెల వచ్చింది. హోస్టింగ్ కూడా లాగిన్ సర్వర్లదే, నెలలో లాగిన్ అయినవాళ్ల లెక్కన వేస్తున్నారు. అనువాదం ఇన్‌వాయిస్ నంబరు రెండుచోట్లా ఒక్కటే. అడిగిన గంటలో 'సవరించిన స్టేట్‌మెంట్ పంపిస్తాం' అని జవాబొచ్చింది. 11 రోజులు నోరు మెదపనివాళ్లు!

అన్నా, అభ్యంతరం పంపేశాను. మొదటిదానికి గడువు ఇంకా 9 రోజులే మిగిలి ఉంది. ఆ మాట చదివినప్పుడు చేతులు చల్లబడ్డాయి.

సొంత అకౌంట్‌ని కాంట్రాక్టు నిషేధించలేదు. అసలు ఆ మాటే ఎత్తలేదు. లింక్ స్క్రీన్ నిన్న రాత్రి మొదలుపెట్టాను.

ఇక మార్కెటింగ్. పైహద్దు ఉంది, దాటాలంటే మా 'లిఖితపూర్వక అనుమతి' కావాలని ఉంది. ఎగిరి గంతేశాను. తర్వాత వాళ్ల ప్రొడ్యూసర్‌తో పాత చాట్ వెతికితే, విడుదలకి మూడు వారాల ముందు అతను "స్ట్రీమర్లకి ఇంకొంచెం పెంచుదామా, హద్దు కాస్త దాటుతుంది" అన్నాడు. కింద నా బొటనవేలు ఎమోజీ. రాత్రి రెండున్నరకి, సర్వర్ క్రాష్ లాగ్ చూసుకుంటూ పెట్టినట్టున్నాను. ఇది లిఖితపూర్వక అనుమతి కిందికి వస్తుందా?

ఆడిట్‌బాధితుడు

రావచ్చు తమ్ముడూ. 2023లో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతు అవిసె గింజల కాంట్రాక్ట్ ఫొటోకి జవాబుగా బొటనవేలు పెట్టాడు. అది సంతకంతో సమానమేనని కోర్టు తేల్చి, 82 వేల డాలర్ల పైచిలుకు కట్టించింది. 2024లో అప్పీలు కోర్టూ అదే అంది. మీ ఒప్పందానికి ఏ దేశపు చట్టం వర్తిస్తుందో, 'లిఖితపూర్వకం' అంటే ఏమిటని నిర్వచించారో చూడు. నోటీసుల క్లాజులో 'చాట్ సందేశాలు చెల్లవు' అని ఉంటే బతికిపోతావు. ఇంకోటి, అతను "ఇంకొంచెం" అన్నాడు కదా. ఎంత దాటారు?

టిక్‌రేట్30

హద్దుకి రెండింతలు పైనే.

ఆడిట్‌బాధితుడు

అయితే ఆ చాట్‌ని తేదీ, టైముతో సహా దాచు. అది వాళ్లకన్నా నీకే ఎక్కువ అవసరం.