ఎల్‌నినో అంటే కరువన్నారు, మరి 2015లో మేమెందుకు మునిగాం?

పెన్నాగట్టు:
మాది నెల్లూరు జిల్లా, సోమశిల ఆయకట్టు. ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే (అక్టోబరు-డిసెంబరు) పడాలి మాకు. 2015లో పసిఫిక్ సముద్రం వేడెక్కి గట్టి ఎల్‌నినో, నవంబరులో ఊళ్లు మునిగాయి. 2016లో ఎల్‌నినో పోయింది, వానా పోయింది. 2021లో దానికి విరుద్ధంగా పసిఫిక్ చల్లబడే లానినా, అయినా ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్ తెగింది, పెన్నా పొంగింది. నాన్న ఇప్పటికీ చిత్త, స్వాతి కార్తెలు చూసే నారు పోయిస్తారు. నాకేమో టెన్షన్. అసలు చలికాలం గాలుల తీరే మారిపోతోందా?

తూర్పుగాలి:
అన్నా, కరువు మాట నైరుతి వానలకు (జూన్-సెప్టెంబరు) చెప్పింది. ఎల్‌నినోలో పసిఫిక్ వేడినీళ్లు తూర్పుకు జరుగుతాయి, మేఘాలూ వాటి వెంటే పోతాయి. ఇండోనేషియా మీద గాలి కిందికి దిగుతుంది. దాంతో అక్టోబరు నుంచి బంగాళాఖాతంలో తూర్పుగాలి బలపడి తేమను మన తీరానికి తోస్తుంది. 2016లో ఇది తిరగబడింది. పైగా హిందూ మహాసముద్రంలోనూ ఇండోనేషియా వైపే నీళ్లు వేడెక్కి మేఘాలను అటు లాక్కున్నాయి. 2021లో లానినా ఉన్నా అల్పపీడనాలు వరసగా ఇటే వచ్చాయి. అందుకే ఎల్‌నినో ఒక్కదాన్నే పట్టుకుని ఏడాదిని తేల్చేయడం నాకు నచ్చదు.

ఇక దీర్ఘకాల మార్పు. కొలిచి చూపించింది ఎంజేఓ (మాడెన్-జూలియన్ ఆసిలేషన్) విషయంలో. భూమధ్యరేఖ దగ్గర 30-60 రోజులకోసారి తూర్పుకు నడిచే మేఘాల గుంపు అది. 1971లో మాడెన్, జూలియన్ గుర్తించారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2019లో నవంబరు-ఏప్రిల్ నెలల లెక్క తీసింది. 1981 నుంచి చూస్తే అది హిందూ మహాసముద్రం మీద ఉండే కాలం 3-4 రోజులు తగ్గింది, పశ్చిమ పసిఫిక్ వైపు 5-6 రోజులు పెరిగింది. అక్కడి వేడినీళ్ల మేర దాదాపు రెట్టింపు కావడమే కారణం.

పెన్నాగట్టు:
అంటే మాకు వాన తగ్గినట్టేనా?

తూర్పుగాలి:
ఆ మాట అనను. ఈ ఎంజేఓ మార్పుతో చలికాలం వాన తగ్గిందని రాక్సీ బృందం ముడిపెట్టింది ఉత్తర భారతానికి. దాన్ని తెచ్చి నెల్లూరుకు అతికించకూడదు. ఈశాన్యం ఏటికేడు ఎంత మారుతుందంటే, నాలుగైదేళ్లు చూసి తగ్గిందనో పెరిగిందనో అనడం రైతుకు అన్యాయం.

మాగాణి:
మీ నాన్నగారిని కార్తె మానమనకండి. దాంతోపాటు భారత వాతావరణ శాఖ (ఐఎండీ) ప్రతి గురువారం ఇచ్చే రెండు, మూడు వారాల అంచనా కూడా చూపించండి. నారు ఒకేసారి కాకుండా రెండు దఫాలుగా పోసుకుంటే, మొదటిది మునిగినా చేతిలో ఇంకోటి ఉంటుంది. మేం అలాగే చేస్తున్నాం.